అంబాసిడర్ క్రోమ్, బీడింగుల మీద తెల్ల పెయింట్: గీత పడకుండా తీసేదెలా?

మార్క్3_మనవడు · ఆదివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడి పోస్టులు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మా తాతయ్యగారి 1977 అంబాసిడర్ మార్క్ 3 ఇప్పుడు నా చేతికొచ్చింది. ఇంజన్ పని అయిపోయింది, బండి తిరుగుతోంది. ఇక పైపని. 1994లో మా మేనత్త పెళ్ళికి బండి తెల్లగా ధగధగలాడాలని ఊళ్ళో పెయింటరును పిలిపించారట. ఆ మహానుభావుడు మాస్కింగ్ టేపు అనే మాట ఎప్పుడూ విన్నట్టు లేదు. బాడీతో పాటు హెడ్‌లైట్ రింగులు, తలుపుల హ్యాండిళ్లు, అద్దాల చుట్టూ బీడింగులు (మెరిసే లోహపు పట్టీలు), బంపర్లు, వీల్ క్యాపులు, అన్నిటికీ బ్రష్షు పెట్టేశాడు. వదిలేసినవి టైర్లు ఒక్కటే, అవీ పూర్తిగా కాదు.

నిన్న ఒక హెడ్‌లైట్ రింగు మీద గోటితో గీకితే చిన్న పెచ్చు లేచింది. కింద అద్దంలా మెరిసింది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. షెడ్డులో మేస్త్రీ ఏమో "వాటర్ పేపరు కొట్టేద్దాం బాబూ, గంట పని" అంటున్నాడు, అదే, తడిపి రుద్దే గరుకు కాగితం. నాకెందుకో భయంగా ఉంది. ఏం చేయమంటారు?

---

రాణీగంజ్_స్పానర్ · ఆదివారం, రాత్రి 9.58

పేపరు వద్దు తమ్మీ. వద్దంటే వద్దు. పైన కనిపించే క్రోమ్ పొర మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. ఆ మెరుపంతా దాని కిందున్న నికెల్‌ది. 400 నంబరు పేపరుతో నాలుగు రుద్దులు రుద్దితే క్రోమ్ పోయి పసుపు ఛాయలో నికెల్ బయటికొస్తుంది. అక్కడినుంచి మళ్ళీ లోహపు పూత వేసే ప్లేటింగ్ షాపుకు పోవుడు తప్ప వేరే దారి లేదు.

మేస్త్రీకి ఒక టీ చెప్పి కూర్చోబెట్టు. పని మనం మాట్లాడుకుందాం.

---

గాజువాక_గ్యారేజ్ · ఆదివారం, రాత్రి 10.15

దీనికింత చర్చ ఎందుకండీ. తొట్టిలో నీళ్ళు, రెండు గుప్పిళ్లు కాస్టిక్ సోడా. రాత్రి ముంచితే పొద్దున్నకి పెయింటు సంచిలా ఊడొస్తుంది. మా నాన్నగారు లారీ రిమ్ములన్నీ అలాగే శుభ్రం చేసేవారు. ఖర్చు వంద రూపాయలు కూడా కాదు.

---

పద్మిని_పిచ్చోడు · ఆదివారం, రాత్రి 10.31

ఆగండాగండి! లారీ రిమ్ము ఇనుము. బీడింగు ఇనుమని ఎవరు చెప్పారు?

రెండేళ్ల కిందట నేను చేసిన ఘనకార్యం చెబుతాను వినండి. నా ప్రీమియర్ పద్మిని కారు ముందద్దం బీడింగు మీద ఇలాగే పాత పెయింటు ఉండేది. స్టీలే అనుకున్నాను. తొట్టిలో నీళ్ళు పోసి, డ్రైనేజీ గొట్టాల్లో వేసే తెల్ల గుళికలు కలిపి ముంచాను. మొదటి నిమిషం ఏమీ లేదు. తర్వాత సన్నగా సుర్రుమని చప్పుడు, గోలీసోడా కొట్టినట్టు బుడగలు. పెయింటు ఊడుతోందని సంబరపడి మా ఆవిడను పిలిచి మరీ చూపించాను. టీ తాగి వచ్చేసరికి నీళ్ళు నల్లబడి, తొట్టి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. బయటికి తీస్తే పెయింటు పోయిన మాట నిజమే, బీడింగు కూడా సగం పోయింది. అంచులు కాగితంలా పల్చబడ్డాయి, ఒళ్ళంతా బూడిద పూసినట్టు మచ్చలు.

అది అల్యూమినియం. ఇప్పటికీ ఆ ముక్క షెడ్డు గోడకు మేకుకు వేలాడుతూ ఉంటుంది. ఎవరైనా "కాస్టిక్ వేద్దాం సార్" అంటే నోటితో చెప్పను, గోడకేసి చూపిస్తాను.

---

గాజువాక_గ్యారేజ్ · ఆదివారం, రాత్రి 10.36

సరే సరే, ఒప్పుకున్నాను. రిమ్ములకే.

---

రసాయనం_టీచరమ్మ · సోమవారం, ఉదయం 6.20

పద్మిని గారూ, ఆ బుడగలు హైడ్రోజన్. టీకి బదులు సిగరెట్టు వెలిగించి తొట్టి మీదకు వంగి ఉంటే కథ ఇంకోలా ఉండేది.

మనవడు గారూ, ఏ మందు వాడాలన్న ప్రశ్న తర్వాత. ముందు మీ బండి మీద ఎన్ని రకాల లోహాలున్నాయో, ఎన్ని రకాల పెయింట్లున్నాయో తేలాలి. పాత బండి కదా, మధ్యలో ఎవరెవరు ఏ ముక్క మార్చారో తెలియదు. కుడివైపు బీడింగు అల్యూమినియం, ఎడమవైపుది స్టెయిన్‌లెస్ స్టీలు అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అందుకని ఒక్కో ముక్కనూ విడిగా చూడండి.

ఒక అయస్కాంతం తీసుకోండి. గట్టిగా అతుక్కుంటే ఇనుము మీద క్రోమ్ అనుకోవచ్చు. అతుక్కోకుండా, చేతిలో తేలిగ్గా ఉండి, వెనకవైపు ఆకురాయితో ఒక్క గీత గీస్తే మెత్తగా తెల్లగా కనిపిస్తే అల్యూమినియం. అతుక్కోకుండా బరువుగా, గీస్తే బూడిదరంగులో ఉంటే జింకు పోత, అంటే కరిగించి అచ్చులో పోసిన జింకు. తలుపుల హ్యాండిళ్లలో, బ్యాడ్జీల్లో ఇది ఎక్కువ. స్టెయిన్‌లెస్ దగ్గర మాత్రం అయస్కాంతం తికమక పెడుతుంది. 304 రకం అతుక్కోదు, 430 రకం అతుక్కుంటుంది. దాన్ని వెనకవైపు చూసి పట్టుకోవాలి: ప్లేటింగు లేకపోయినా తుప్పు ఉండదు.

ఇక పెయింటు. దూదిని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో ముంచి, కనపడని చోట అర నిమిషం రుద్దండి. రంగు దూదికి అంటుకుంటే పాత లాకర్, మనవాళ్ళు డ్యూకో అనేది. కరగకుండా ముడతలు పడితే సింథటిక్ ఎనామిల్. ఏమీ చలించకపోతే రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూ (పాలియురెథేన్) పెయింటు.

జింకు పోతకు యాసిడ్ పడదు, కాస్టిక్కూ పడదు. ఇంకొకటి: బాత్రూములు కడిగే యాసిడ్ క్రోమ్ దరిదాపులకు తేవద్దు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, క్రోమ్‌ని కరిగించేస్తుంది. స్టెయిన్‌లెస్ మీద కూడా చిన్న చిన్న గుంటలు తెస్తుంది.

---

మార్క్3_మనవడు · సోమవారం, రాత్రి 8.50

మేడమ్, మీరు చెప్పినట్టే ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం పీకి తీసుకెళ్ళాను. (అమ్మ ఇంకా వెతుకుతోంది.)

హెడ్‌లైట్ రింగులు, బంపర్లు, వీల్ క్యాపులు అతుక్కున్నాయి. అద్దాల బీడింగులు నాలుగూ తేలిక, అతుక్కోలేదు, గీస్తే తెల్లగా ఉంది. తలుపుల హ్యాండిళ్లు అతుక్కోలేదు గానీ మంచి బరువున్నాయి.

థిన్నర్ పరీక్షలో ఒక వింత. తెల్ల పెయింటు ప్రతిచోటా ముడతలు పడింది, అంటే ఎనామిల్. కానీ వీల్ క్యాపు మీద ఆ ముడత గీకేశాక కింద మీగడరంగు ఇంకో పొర ఉంది. అది దూదికి చక్కగా అంటుకుంది. బండి అసలు రంగు ఆకుపచ్చ, డిక్కీ లోపల ఇప్పటికీ అదే ఉంది. మరి ఈ మీగడరంగు ఎక్కడిది?

---

రాణీగంజ్_స్పానర్ · సోమవారం, రాత్రి 9.12

తమ్మీ, ఆ మీగడరంగు ఏ ఏ ముక్కల మీద ఉందో చూసి చెప్పు. రింగుల మీద ఉన్నదా? కొత్త క్రోమ్ మీద ఊరికే ఎవరూ పెయింటు కొట్టరు. కొట్టిన్రంటే కింద ఏదో దాచిన్రు.

---

మార్క్3_మనవడు · మంగళవారం, రాత్రి 9.30

అన్నా, నీ మాట విని ఒళ్ళు జలదరించింది.

మీగడరంగు వీల్ క్యాపుల మీద, రెండు బంపర్ల మీద ఉంది. రింగుల మీద, హ్యాండిళ్ల మీద, బీడింగుల మీద లేదు. అంటే మోకాలి ఎత్తుకు కిందున్న వాటి మీదే. ఇవాళ భోజనాల దగ్గర తాతయ్యను అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు.

బండి కొన్న ఏడాదే నవంబరు 19న దివిసీమ ఉప్పెన. ఆ వారం బండి అవనిగడ్డ వైపు మా బంధువుల ఊళ్ళో ఉంది. కొంచెం మెరక మీద ఆపడం వల్ల కొట్టుకుపోలేదు గానీ, బంపర్ల దాకా ఉప్పునీళ్ళలో నిలబడింది. మనుషులే పోయిన చోట బండి సంగతి ఎవరికి పట్టింది, నెల తర్వాత లాగించుకొచ్చారట. అప్పటికే వీల్ క్యాపులూ బంపర్లూ తుప్పు పొక్కులెక్కాయి. ప్లేటింగ్ చేయించే స్తోమత అప్పుడు లేక, ఆ కింది భాగాలకు మీగడరంగు లాకర్ కొట్టించారు. 1994 పెయింటరు దాని మీదే తెలుపు వేశాడు.

అన్యాయంగా ఆయన్ను తిట్టాను. సగమే తిట్టాల్సింది.

---

పద్మిని_పిచ్చోడు · మంగళవారం, రాత్రి 9.52

ఇది చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

సరే, పనికొద్దాం. మోకాలి ఎత్తుకు పైవి వేరు, కిందివి వేరు అని నీకు తాతయ్యగారే తేల్చి చెప్పారు. పైవాటి కింద మంచి క్రోమ్ ఉంది కాబట్టి అక్కడ ఓపిక పెట్టు. కిందివాటి కింద గుంటలున్నాయి, అక్కడ ఆశ పెట్టుకోకు.

ముందు ఊడదీయగలిగినవన్నీ ఊడదియ్యి. బండి మీద ఉంచి చేస్తే రిమూవర్ కారి బాడీ పెయింటు కూడా లేస్తుంది. బీడింగును ఒక చివర పట్టుకుని లాగొద్దు. అల్యూమినియం ఒకసారి మడత పడితే ఎన్నటికీ సాపు కాదు. క్లిప్పు క్లిప్పుకూ దగ్గరగా ప్లాస్టిక్ బద్ద దూర్చి కొంచెం కొంచెంగా లేపు. తుప్పు పట్టిన నట్లకు ముందు రోజు రాత్రే డబ్ల్యూడీ 40 (తుప్పు వదిలించే స్ప్రే) కొట్టి వదిలెయ్యి.

తర్వాత పెయింట్ రిమూవర్ జెల్. దళసరిగా ఒకే వైపుకు పూయాలి, అటూ ఇటూ బ్రష్షు తిప్పకూడదు. పైన పాలిథిన్ కవరు కప్పు, లేకపోతే ఐదు నిమిషాల్లో ఆరిపోతుంది. పావుగంట. లేచిన పెయింటును వెదురు బద్దతో తియ్యి, స్క్రూడ్రైవరుతో కాదు. మూలల్లోకి ఐస్‌క్రీమ్ పుల్ల చివర చెక్కుకుంటే సరిగ్గా సరిపోతుంది. అల్యూమినియానికి మాత్రం ముందు వెనకవైపు వేలెడంత పూసి చూడు. కొన్ని రిమూవర్లలో యాసిడో క్షారమో కలుపుతారు, డబ్బా మీద చదువు.

---

రసాయనం_టీచరమ్మ · బుధవారం, ఉదయం 6.05

ఇక్కడ నేను కాస్త కేకలేయాలి.

ఘాటుగా పనిచేసే రిమూవర్లలో చాలావాటిలో ఉండేది డైక్లోరోమీథేన్, మిథిలీన్ క్లోరైడ్ అని కూడా రాస్తారు. అది మరిగేది 40 డిగ్రీల దగ్గర. మన మే నెల మధ్యాహ్నం బెజవాడలో గాలే అంతకన్నా వేడిగా ఉంటుంది. ఎండలో పెట్టిన డబ్బా మూత ఒక్కసారిగా తిప్పితే మొహాన చిమ్ముతుంది. నీడలో చల్లబడనిచ్చి, మూత మీద గుడ్డ వేసి, మెల్లగా తిప్పండి. పని తెల్లవారుజామున పెట్టుకోండి.

దాని ఆవిరి గాలికంటే బరువు. నేలమీదే పేరుకుంటుంది. తలుపులేసిన షెడ్డులో కింద కూర్చుని చేస్తే ఆ గుంటలో మీరు మునిగినట్టే. పీల్చినదాన్ని శరీరం కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు ప్రాణం మీదకొస్తుంది. కాబట్టి తాతయ్యగారు ఎంత ముచ్చటపడినా పక్కన కుర్చీ వేయొద్దు. ఆరుబయట, గాలి వీపు వైపునుంచి వచ్చేలా నిలబడి చేయండి. మామూలు గుడ్డ మాస్కు దీన్ని ఆపదు. పల్చటి నైట్రైల్ గ్లవ్స్‌లోంచి కూడా నిమిషాల్లో దిగిపోతుంది, రసాయనాల పనికి చేసే పొరల ప్లాస్టిక్ (లామినేట్) రకం దొరికితే మంచిది.

ఇంకొకటి, పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా రుద్ది దుమ్ము లేపొద్దు. గీకిన పెచ్చులు తడిగా ఉండగానే మూటగట్టండి.

---

మిషిగన్_మావయ్య · బుధవారం, ఉదయం 7.40

మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ అమెరికాలో మిథిలీన్ క్లోరైడ్ ఉన్న పెయింట్ రిమూవర్లను మామూలు జనానికి అమ్మకూడదని 2019లోనే ఆపేశారు. సరైన గాలి లేనిచోట పనిచేస్తూ చనిపోయినవాళ్ళు ఉన్నారు, అందుకే.

నేను నా 1966 మస్టాంగ్‌కి బెంజైల్ ఆల్కహాల్ రకం వాడాను. బద్ధకం మందు అది. పావుగంటకు కాదు, నాలుగైదు గంటలకు కదిలింది, కొన్నిచోట్ల రాత్రంతా. కానీ తల తిరగలేదు. తొందర లేనివాళ్ళకు అదే మేలు, అల్లుడూ. ఇన్నేళ్ళు ఆగిన బండి ఇంకో రాత్రి ఆగదా?

---

హీట్‌గన్_హనుమ · బుధవారం, మధ్యాహ్నం 1.10

హీట్ గన్ ఎవరూ చెప్పలేదేం? మందూ మాకూ అక్కర్లేదు, వేడి చేస్తే అప్పడంలా లేస్తుంది.

---

రాణీగంజ్_స్పానర్ · బుధవారం, మధ్యాహ్నం 1.25

బానెట్టు మీదైతే సరే అన్నా. జింకు పోత 390 డిగ్రీల లోపే కరిగిపోతది. నీ గన్ను 500 దాటుతది. హ్యాండిల్ జారిపోయినంక ఎవరిని అడగాలె? పల్చటి బీడింగ్ అయితే వంకర పోతది. పైగా అందులో సీసం ఉంటే ఆ పొగ మన ముక్కుకే.

---

విజయనగరం_విల్లీస్ · బుధవారం, సాయంత్రం 5.45

చిన్న చిన్న బ్యాడ్జీలకు నేను బ్రేక్ ఆయిల్ వాడతాను, డాట్ 3 అనే రకం. గాజు సీసాలో ఒకరోజు నానబెడితే ఎనామిల్ మెత్తబడుతుంది, టూత్‌బ్రష్షుతో రుద్ది నీళ్ళతో కడిగేయడమే. బంపరుకు సరిపోయేంత బ్రేక్ ఆయిల్ మాత్రం కొనలేం.

---

మార్క్3_మనవడు · ఆదివారం, మధ్యాహ్నం 12.15

పెద్దలందరికీ దండాలు. మావయ్యగారూ, మీ మందు మా ఊళ్ళో దొరకలేదు, జెల్ రిమూవరే తెచ్చాను. పొద్దున ఐదున్నరకు పెరట్లో వేపచెట్టు కింద మొదలుపెట్టాను.

మొదటి తప్పు వెంటనే చేశాను. రిమూవర్‌ని స్నానాల ప్లాస్టిక్ మగ్గులో పోశాను. బ్రష్షు ముంచి రింగు వైపు తిరిగి, మళ్ళీ చూస్తే మగ్గు అడుగు మెత్తబడి చప్పటి అట్టులా కూర్చుంది. స్టీలు గిన్నెలోకి మార్చాను. ఆ గిన్నె ఇక వంటింట్లోకి రాదని అమ్మ ప్రకటించింది. అయస్కాంతం సంగతి కూడా బయటపడింది.

హెడ్‌లైట్ రింగు మీద పూసి కవరు కప్పాను. ఎనిమిదో నిమిషానికి కవరు కిందనుంచి కనిపించింది: పాల మీద మీగడ ముడుచుకున్నట్టు తెలుపంతా ఒక వైపుకు జరుగుతోంది. పావుగంటకు వెదురు బద్ద ఆనిస్తే చాలు, వేలెడు వెడల్పున పట్టీ పట్టీగా జారిపోయింది. కింద... ఏం చెప్పమంటారు. వేపాకులు కనిపించాయి అందులో. నా మొహమూ కనిపించింది, కాస్త సాగదీసినట్టు. రెండో రింగుకు చేయి తిరిగింది, ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

అద్దం బీడింగులకు వెనకవైపు పరీక్ష చేసి, పది నిమిషాలకు మించి ఉంచలేదు. వచ్చాయి, కానీ మెరుపు లేదు, మబ్బు పట్టినట్టు ఉన్నాయి. హ్యాండిళ్లలో మూడు బాగున్నాయి, నాలుగోదాని మీద ఆవగింజల్లా పొక్కులు.

వీల్ క్యాపులు: తెల్లటిది పోయింది, మీగడరంగు థిన్నర్‌తో పోయింది. కింద ఎర్రటి చుక్కలు, మశూచి వచ్చి తగ్గిన మొహంలా. బంపర్లు ఇంకా ముట్టుకోలేదు.

---

రసాయనం_టీచరమ్మ · ఆదివారం, మధ్యాహ్నం 2.00

చేతులకు ఏమీ కాలేదుగా? ముందు అన్నిటినీ సబ్బునీళ్ళతో బాగా కడిగి ఆరబెట్టండి. జెల్ తొందరగా ఆరకుండా అందులో మైనం కలుపుతారు. అది మిగిలిపోతే రేపు పక్కన ఏ పెయింటు వేసినా పట్టదు.

నాలుగో హ్యాండిల్ పొక్కులు గిల్లకండి. లోపల జింకు తినేసింది, పైనున్న ప్లేటింగే దాన్ని పట్టుకుని ఉంది. గిల్లితే గుంట.

---

పద్మిని_పిచ్చోడు · ఆదివారం, మధ్యాహ్నం 2.40

బీడింగు మబ్బు సంగతి: పైన యానోడైజ్ పొర (అల్యూమినియానికి కరెంటు పెట్టి తెప్పించే రక్షణ పొర) ఉంటే అది ముసలిదై మసకబారి ఉంటుంది. మెటల్ పాలిష్ మెత్తటి గుడ్డతో ఒక జానెడు మేర రుద్ది చూడు. తేడా కనిపిస్తే కొనసాగించు. గుడ్డ నల్లబడుతున్నా మబ్బు పోకపోతే ఆపెయ్, అలాగే ఉండనీ. కొత్త నాణెంలా మెరిసే బీడింగు పాత బండికి పెట్టుడు పన్నులా ఉంటుందని నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్ళు ఉంటారు.

వీల్ క్యాపులకు వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను ఉండ చేసి, నీళ్ళలో ముంచి మెల్లగా రుద్దు. క్రోమ్ కంటే ఫాయిల్ మెత్తన, గీత పడదు, పైకి తేలిన తుప్పు పోతుంది. గుంటలు పోవు. అయ్యాక తుడిచి వ్యాక్స్ పెట్టు, లేకపోతే రెండు వానలకు మళ్ళీ ఎర్రబడతాయి.

---

హీట్‌గన్_హనుమ · ఆదివారం, సాయంత్రం 4.05

ఇంత కష్టపడి మచ్చల క్యాపులు పెట్టుకోవడమేంటి? బంపర్లతో కలిపి ప్లేటింగ్‌కి ఇచ్చేయండి. రాగి, నికెల్, క్రోమ్ మూడూ వేయిస్తే గుంటలు కూడా రాగితో పూడతాయి. కొత్త పెళ్ళికూతురులా ఉంటుంది.

---

రాణీగంజ్_స్పానర్ · ఆదివారం, సాయంత్రం 4.30

బంపర్లకు అదే కరెక్టు, నేనూ అదే అంట. కానీ ఇచ్చే ముందు వెనకవైపు చూడు. ఉప్పునీళ్ళు తిన్న రేకు లోపలినుంచి పల్చబడితే, ప్లేటింగ్ షాపుల బఫింగ్ (మెరుగుపెట్టే) చక్రం కింద చిల్లు పడతది. గోటితో కొట్టు, ఖణేల్‌మంటే ఇయ్యి. చప్పుడు బొంగురుగా ఉంటే వేరే బంపర్ వెతుక్కో.

---

మార్క్3_మనవడు · సోమవారం, రాత్రి 10.05

ముందు బంపర్ ఖణేల్‌మంది, వెనకది ఎడమ మూల బొంగురు. ముందుది ప్లేటింగ్‌కి ఇస్తున్నాను.

వీల్ క్యాపులు మాత్రం ఇవ్వట్లేదు. ఫాయిల్‌తో రుద్ది వ్యాక్స్ పెట్టి వరండాలో వరసగా ఆరబెట్టాను. సాయంత్రం తాతయ్య వచ్చి ఒకటి చేతిలోకి తీసుకుని, ఆ గుంటల మీద బొటనవేలు రాస్తూ చాలాసేపు కూర్చున్నారు. "దీనికి మళ్ళీ రంగు వెయ్యకురా" అన్నారు. అంతే. హనుమ అన్నా, ఏమీ అనుకోవద్దు.

ఇప్పుడు అసలు తలనొప్పి. బీడింగులు ఊడదీసేటప్పుడు క్లిప్పులు పదకొండు విరిగాయి. తుప్పు పట్టి బిస్కెట్టులా పొడైపోయాయి. మార్క్ 3 క్లిప్పులు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి?

---

విజయనగరం_విల్లీస్ · సోమవారం, రాత్రి 10.20

విరగనిది ఒక్కటైనా ఉందా? ఉంటే పారేయకుండా దాని పక్కన స్కేలు పెట్టి ఫోటో తియ్యండి. చెన్నై పుదుపేట సందుల్లో పేరు చెబితే తల అడ్డంగా ఊపుతారు, ముక్క చూపిస్తే లోపలికి వెళ్ళి డబ్బా తెస్తారు.

---

రాణీగంజ్_స్పానర్ · సోమవారం, రాత్రి 10.26

నా దగ్గర ఒక జర్దా డబ్బా నిండా ఉన్నయి, ఏ బండివో నాకే గుర్తు లేదు. ఫోటో పెట్టు, పోల్చి చూస్త.

---

అడ్మిన్ · సోమవారం, రాత్రి 10.40

క్లిప్పుల సంగతికి వేరే చర్చ తెరవండి బాబూ, తర్వాత వెతికేవాళ్ళకు దొరకాలి. ముందు బంపర్ ప్లేటింగ్ నుంచి వచ్చాక ఫోటో మాత్రం ఇక్కడే పెట్టండి.